విలువైన వస్తువు దొరికితే: చేతిలోకి తీసుకున్నది మొదలు రసీదు దాకా

బస్టాండు బెంచీ కింద నల్లపూసల గొలుసు, కల్యాణమండపం వాష్‌బేసిన్ మీద ఉంగరం, రోడ్డు మలుపులో పర్సు. ఇలా కనబడ్డ వస్తువును తీసి తీరాలని మన చట్టం ఎవరినీ బలవంతపెట్టదు. చూసి, తీయకుండా మీ దారిన మీరు వెళ్లినా నేరం కాదు. వంగి చేతిలోకి తీసుకున్నారంటే మాత్రం ఆ క్షణం నుంచే బాధ్యత మీ మీద పడుతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం, దొరికిన వస్తువును తన దగ్గర పెట్టుకున్న మనిషికి బెయిలీకి ఉండే బాధ్యతే ఉంటుంది. పక్కింటివాళ్లు ఊరెళ్తూ నగలు దాచమని మీ చేతికిస్తే ఎలా చూసుకుంటారో అలా చూసుకోవాలన్నమాట. ఎంత జాగ్రత్త అన్నది 151వ సెక్షన్ చెబుతుంది: అంతే విలువైన సొంత వస్తువు విషయంలో మామూలు తెలివిడి ఉన్న మనిషి తీసుకునేంత జాగ్రత్త. అంత జాగ్రత్తగా ఉన్నా వస్తువు పోతే మీ మీద బాధ్యత లేదని 152వ సెక్షన్ అంటుంది.

దొరికిన వస్తువుల వ్యవహారంలో మంచివాళ్లు కూడా చిక్కుల్లో పడుతుంటారు. సాధారణంగా కారణాలు రెండే: ఆలస్యం చేయడం, కాగితం లేకపోవడం. 'రేపు ఇద్దాంలే' అని బీరువాలో పెట్టిన గొలుసు నాలుగో రోజున పోలీసులు సీసీ కెమెరా చూసి ఇంటికొస్తే వేరేలా కనబడుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం రాతకోతల గురించే ఉంటుంది.

తీసే ముందు చూసుకోవలసినవి

ముందుగా, అది పోయిన వస్తువా, మరిచిపోయిన వస్తువా అన్నది చూడండి. రోడ్డు మీద పడిపోయిన పర్సు పోయిన వస్తువు. బ్యాంకు కౌంటరు మీద, హోటల్ గదిలో, బట్టల షాపు ట్రయల్ రూములో ఉండిపోయిన ఫోను యజమాని మరిచిపోయినది. ఆయన గుర్తు తెచ్చుకుని వెనక్కి వచ్చేది ఆ చోటికే కాబట్టి దాన్ని ఇంటికి పట్టుకెళ్లడం మంచిది కాదు. యజమాని అక్కడే కనుచూపు మేరలో ఉండగా తీసుకుంటే అది దొరికిన వస్తువు లెక్కలోకే రాదు, దొంగతనం అవుతుంది. దానికి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మూడేళ్ల దాకా జైలు ఉంది. యజమాని అధీనంలో ఉన్న సొమ్మును అక్కడి పనివాళ్లే కాజేస్తే ఏడేళ్ల దాకా ఉంటుంది. హోటల్ రూమ్‌బాయ్‌లు, షాపు సేల్స్‌వాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి.

రైల్వే స్టేషన్లో, బస్టాండులో, గుడి క్యూలైన్లో ఎవరిదో తెలియని సంచి ఉంటే ముట్టుకోవద్దు, తెరవొద్దు. దూరంగా జరిగి 112కు ఫోన్ చేయండి, లేదా అక్కడున్న పోలీసుకు చెప్పండి. లోపల ఏముందో తెలియదు గనుక ఇది మీ ప్రాణానికి సంబంధించిన జాగ్రత్త.

నోట్ల కట్టలున్న బ్యాగు కనిపిస్తే దాన్ని మోసుకుని స్టేషనుకు బయలుదేరకండి. 112కు ఫోన్ చేసి పోలీసులనే అక్కడికి రమ్మనండి. దారిలో ఎవరైనా లాక్కోవచ్చు. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లోనైతే, రూ.50,000 దాటిన నగదుకు కాగితాలు చూపలేనివాళ్ల దగ్గర ఫ్లయింగ్ స్క్వాడ్లు డబ్బు పట్టుకుంటాయి. అప్పుడు 'దొరికింది, ఇవ్వడానికే తీసుకెళ్తున్నా' అంటే నమ్మించడం కష్టం. 112 కాల్ టైముతో సహా రికార్డవుతుంది. మీకు అదే మొదటి సాక్ష్యం.

దొరికిన బంగారం పేరుతో జరిగే మోసం ఒకటుంది. మీ ముందు నడుస్తున్న మనిషి 'బంగారు బిస్కెట్ దొరికింది, సగం సగం తీసుకుందాం, నా వాటాకు మీ గొలుసు ఇవ్వండి' అంటాడు. బిస్కెట్ ఇత్తడి, పోయేది మీ గొలుసు. 'మీ డబ్బులు కింద పడ్డాయి' అని దృష్టి మళ్లించి బండి డిక్కీలోంచి బ్యాగు లాగేసేవాళ్లూ ఉన్నారు. దొరికిన వస్తువులో వాటా మాట ఎవరెత్తినా అక్కడ ఆగకండి.

మొదటి పావుగంట

వస్తువు తీశాక అక్కడే పది పదిహేను నిమిషాలు ఆగండి. పోగొట్టుకున్నవాళ్లు చాలాసార్లు వెతుక్కుంటూ అదే దారిన వస్తారు. వస్తువు కింద ఉండగానే ఒక ఫొటో, చుట్టుపక్కల షాపు బోర్డు కనబడేలా ఇంకో ఫొటో తీసి పెట్టుకోండి. ఫోను ఫొటోలో తేదీ, సమయం నమోదవుతాయి. దగ్గర్లో ఉన్న షాపు ఆయన్నో, సెక్యూరిటీ గార్డునో పిలిచి ఆయన ఎదుటే తెరవండి. యజమాని ఎవరో తెలుసుకోవడానికి పర్సు తెరవడం తప్పు కాదు, ఒంటరిగా తెరవడమే తర్వాత సమస్య తెస్తుంది. 'అందులో ఇంకో నాలుగు వేలు ఉండాలి' అని యజమాని అంటే మీ మాట నిలబెట్టేది ఆ పక్కనున్న మనిషే.

నగదైతే నోట్లను రకాలవారీగా లెక్కపెట్టి రాయండి: 500 నోట్లు ఎన్ని, 200 ఎన్ని, చిల్లర ఎంత. లెక్కయ్యాక కవరులో పెట్టి అంటించి, అతికిన చోట మీరూ సాక్షీ సంతకాలు చేయండి. ఆ డబ్బును మీ జేబులో డబ్బుతో కలపొద్దు, 'భద్రంగా ఉంటుంది' అని మీ ఖాతాలో వేసుకోవద్దు. ఖాతాలో పడ్డాక దొరికిన నోట్లు అవేనని చూపించే దారి పోతుంది, సొంతానికి వాడుకున్నారనే వాదనకు దారి తెరుచుకుంటుంది.

నగ విషయంలో ఒక్క మాట చాలా జాగ్రత్తగా రాయాలి. మీరు రాసే ఏ కాగితంలోనూ 'బంగారు గొలుసు' అని రాయకండి. 'పసుపు రంగు లోహపు గొలుసు, చూడటానికి బంగారంలా ఉంది' అని రాయండి. పోలీసులు పంచనామాలో ఇలాగే రాస్తారు. అది గిల్టు నగ అని తర్వాత తేలితే, మీరు అసలుది మార్చేశారన్న మాట రాకుండా ఆ వాక్యం కాపాడుతుంది. పొడవు, లాకెట్ ఆకారం, రాళ్ల సంఖ్య, తెగిన చోటు రాయండి. తూకం వేయించాలనిపిస్తే పోలీసుల ఎదుటే వేయించాలి. ఒక్కరే తాకట్టు కొట్టుకో నగల షాపుకో వెళ్లి కాటా మీద పెడితే అమ్మడానికి వచ్చినట్టే కనిపిస్తుంది.

యజమానిని పట్టుకునే ఆధారాలు

కొత్త నగల మీద హాల్‌మార్క్ గుర్తుతో పాటు ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ ఉంటుంది. 2021 జులై 1న వచ్చిన ఈ విధానం 2023 ఏప్రిల్ 1 నుంచి అమ్మే హాల్‌మార్క్ నగలకు తప్పనిసరైంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరింటినీ కొడితే నగ రకం, స్వచ్ఛత, హాల్‌మార్క్ చేయించిన నగల వ్యాపారి వివరాలు వస్తాయి. షాపు తెలిస్తే బిల్లు ద్వారా కొన్నవాళ్లు తెలిసే అవకాశం ఉంది. ఈ సంగతి పోలీసులకు చెప్పి వాళ్ల ద్వారా అడిగించడం మేలు, ఎందుకంటే షాపువాళ్లు కొనుగోలుదారు వివరాలు దారిన పోయేవాళ్లకు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. పాత నగల మీద ఇది ఉండదు గానీ, కొన్నిటికి కొక్కెం దగ్గర షాపు పొడి అక్షరాలుంటాయి.

ఫోను దొరికితే స్విచ్ఛాఫ్ చేయకండి. చార్జింగ్ పెట్టి ఉంచండి, కాల్ వస్తే ఎత్తండి. మన దగ్గర ఎక్కువ ఫోన్లు యజమాని చేసే కాల్ ద్వారానే తిరిగి చేరతాయి. అందులోని సిమ్ తీసి మీ ఫోనులో వేయడం, మీ సిమ్ అందులో వేయడం రెండూ చేయకూడదు. పోగొట్టుకున్నవాళ్లు పోలీసు ఫిర్యాదు పెట్టి సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్ (ఫోన్ల గుర్తింపు నంబర్ల రిజిస్టరు) ద్వారా ఆ హ్యాండ్‌సెట్‌ను బ్లాక్ చేయిస్తారు. అందులో కొత్త సిమ్ పడగానే ఆ నంబరు పోలీసులకు చేరుతుంది. ఏపీ, తెలంగాణ పోలీసులు వేల ఫోన్లు ఇలాగే రికవరీ చేస్తున్నారు. బ్లాకులో ఉందో లేదో మీరే చూడొచ్చు. స్టార్ హాష్ 06 హాష్ కొడితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ (ఫోను గుర్తింపు) నంబరును, ముందు కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, 14422కు ఎస్‌ఎంఎస్ చేయండి. లాక్‌లో ఉన్న ఫోన్లలోనూ చాలావాటికి ఎమర్జెన్సీ డయలర్‌లో ఈ కోడ్ పనిచేస్తుంది. కొన్ని మోడళ్లకు సిమ్ ట్రే మీదే నంబరు ముద్రించి ఉంటుంది.

పర్సులో ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే చిరునామా దొరికినట్టే. ఏటీఎం కార్డు మాత్రమే ఉంటే వెనక ఉన్న కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేసి 'ఈ కార్డు దొరికింది, ఖాతాదారుకు నా నంబరు ఇచ్చి ఫోన్ చేయించండి' అనండి. ఖాతాదారు నంబరు మీకివ్వమని అడగొద్దు, బ్యాంకు ఇవ్వదు. కార్డు పనిచేస్తుందో లేదో అని షాపులో గీకి చూడటం సరదాగా కూడా వద్దు.

పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉన్నా అది భారత ప్రభుత్వ ఆస్తి అని 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం చెబుతుంది. పోలీస్ స్టేషన్లో గానీ పాస్‌పోర్టు కార్యాలయంలో గానీ ఇచ్చేయండి. పట్టాదారు పాసుపుస్తకమైతే తహసీల్దార్ కార్యాలయం, పదో తరగతి మెమో అయితే దాని మీదున్న బడి హెడ్మాస్టరు. ఇవి అమ్మితే రూపాయి రాదు గానీ, పోగొట్టుకున్నవాళ్లకు నకళ్లు తీసుకోవడానికి నెలలు పడుతుంది. ఆధార్, మెమోల ఫొటోలు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. మంచి ఉద్దేశంతో పెట్టిన ఆధార్ ఫొటో ఇంకో మోసగాడికి పెట్టుబడి అవుతుంది.

ఎవరికి అప్పగించాలి

ఆర్టీసీ బస్సులో దొరికితే కండక్టరుకు, లేదా డిపో మేనేజరుకు. రైల్లో అయితే రైల్వే రక్షణ దళమైన ఆర్పీఎఫ్‌కు లేదా స్టేషన్ మాస్టరుకు, ప్రయాణంలో ఉంటే 139కు చెప్పవచ్చు. రైళ్లలో మరిచిపోయిన సామాన్లను యజమానులకు చేర్చే పనిని ఆర్పీఎఫ్ 'ఆపరేషన్ అమానత్' పేరుతో చేస్తోంది. మెట్రోలో స్టేషన్ కంట్రోలరు, విమానంలో ఎయిర్‌లైన్ సిబ్బంది, ఎయిర్‌పోర్టులో టెర్మినల్ లాస్ట్ అండ్ ఫౌండ్ కౌంటరు. తిరుమలలో టీటీడీ విజిలెన్స్ సిబ్బంది లేదా పోలీసులు. ఎవరికిచ్చినా రాతపూర్వక రసీదు తీసుకోండి. వస్తువు తీసుకున్న మనిషి పేరు, హోదా, సమయం అందులో ఉండాలి. రసీదు పుస్తకం లేదంటే తెల్లకాగితం మీద రాయించుకోండి, అదీ కుదరకపోతే అప్పగిస్తున్నట్టు ఫొటో తీసుకుని, ఆ సంస్థ ఈమెయిల్‌కు అదే రోజు వివరాలు పంపండి.

షాపులోనో మాల్‌లోనో నేల మీద దొరికితే మేనేజరుకు ఇవ్వడమే ఆచరణలో సరైన పని. 'మా జాగాలో దొరికింది గనుక మాదే' అని షాపు అంటే అది చట్టం కాదు. లండన్‌లో ఒక షాపు నేల మీద నోట్ల కట్ట దొరికిన కేసులో, యజమాని రాకపోతే షాపువాడి కంటే దొరికినవాడికే హక్కు ఎక్కువని 1851లో తీర్పొచ్చింది. అంతకుముందు 1722లో, పొగగొట్టాలు తుడిచే కుర్రాడికి దొరికిన నగలోని రాళ్లను కంసాలి దుకాణంలో కొట్టేస్తే, అసలు యజమాని తప్ప మిగిలిన లోకమంతటి మీదా దొరికినవాడిదే పైచేయి అని కోర్టు తేల్చింది. ఇవి ఇంగ్లండు తీర్పులే అయినా మన లా కాలేజీల్లో ఇప్పటికీ చెప్పే సూత్రం అదే. అందుకే మేనేజరు ఇచ్చే రసీదులో 'ఎవరూ రాకపోతే నాకు తెలపాలి' అన్న వాక్యం రాయించండి.

రోడ్డు మీద దొరికిన నగ, నగదు, పెద్ద విలువ ఉన్న ఏ వస్తువైనా నేరుగా పోలీస్ స్టేషనుకే. దొరికిన చోటు ఏ స్టేషన్ పరిధిలోకి వస్తే అక్కడికి వెళ్తే మంచిది, పోగొట్టుకున్నవాళ్లు వచ్చేది అక్కడికే గనుక. నోటిమాటతో ఇచ్చి రాకండి. దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లండి. ఇలా రాస్తే సరిపోతుంది:

'స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి. విషయం: నాకు దొరికిన వస్తువును అప్పగించుట గురించి. అయ్యా, నా పేరు ఫలానా, తండ్రి పేరు ఫలానా, వయసు, వృత్తి, చిరునామా, ఫోన్ నంబరు. ఈ రోజు ఫలానా తేదీ ఉదయం సుమారు 7.40 గంటలకు ఫలానా బస్టాపు ఎదురుగా మందుల షాపు మెట్ల దగ్గర నేల మీద పసుపు రంగు లోహపు గొలుసు ఒకటి నాకు దొరికినది. చూచుటకు బంగారము వలె ఉన్నది. పొడవు సుమారు 20 అంగుళాలు, కొక్కెం వద్ద తెగి ఉన్నది, ఎర్ర రాయి లాకెట్టు ఉన్నది. ఆ సమయమున ఫలానా వ్యక్తి నా ప్రక్కన ఉన్నారు. యజమాని ఎవరో నాకు తెలియదు. యజమానికి చేర్చు నిమిత్తము ఆ గొలుసును తమకు అప్పగించుచున్నాను. అందినట్లు ఈ రెండవ ప్రతిపై సంతకము, ముద్ర వేసి ఇవ్వగలరని ప్రార్థన.'

రెండో కాపీ మీద స్టేషన్ ముద్ర, తీసుకున్న అధికారి పేరు, హోదా, తేదీ ఉండాలి. జనరల్ డైరీలో నమోదు చేసిన నంబరు రాయమని అడగండి. రైటర్ దగ్గర ఐదు నిమిషాల పని అది. అధికారి ఎదుట తూకం వేసినా, లెక్కపెట్టినా ఆ సంఖ్య కూడా కాపీ మీద వేయించండి. వస్తువును చేతికిచ్చాక 'సాయంత్రం వచ్చి కాపీ తీసుకెళ్లండి' అంటే ఒప్పుకోవద్దు. మర్యాదగానే కూర్చుని, కాపీ తయారయ్యాక వస్తువు ఇవ్వండి. తీసుకోబోమని అంటే 112కు ఫోన్ చేసి నమోదు చేయించి, అదే దరఖాస్తును ఎస్పీకో, కమిషనరేట్ అయితే డీసీపీకో రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. 'మననే అనుమానిస్తారేమో' అన్న భయంతో చాలామంది స్టేషన్ గడప తొక్కరు. అదే రోజు స్వయంగా వచ్చి రాసిచ్చినవాళ్లకు అనుమానం అంటడం అరుదు, నాలుగు రోజులు దాచినవాళ్లకే అంటుకుంటుంది.

ఇచ్చిన తర్వాత

ఎవరిదో తెలియని సొమ్మును స్వాధీనం చేసుకుని మేజిస్ట్రేటుకు నివేదించడం పోలీసుల విధి. 1861 నాటి పోలీసు చట్టంలో ఇది 25 నుంచి 27 దాకా ఉన్న సెక్షన్లలో ఉంది. పోలీసులు స్వాధీనపరుచుకున్న ఆస్తి గురించి, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 503, 504 సెక్షన్లూ ఇదే దారిలో నడుస్తాయి. హక్కున్నవాళ్లు ఆరు నెలల్లో రావాలని ప్రకటన వేస్తారు. ఎవరూ రాకపోతే అది ప్రభుత్వపరం అవుతుంది, అమ్మినా ఆ సొమ్ము ప్రభుత్వానిదే. ఆరు నెలలు దాటితే దొరికినవాళ్లకే ఇచ్చేస్తారన్న మాట మన దగ్గర చెల్లదు. జపాన్‌లో మూడు నెలలు దాటితే దొరికినవాళ్లకు హక్కు వస్తుంది, వీడియోల్లో చూసేది అక్కడి చట్టం.

పోలీసులకు ఇవ్వకుండా మీరే యజమానిని వెతకొచ్చా? వెతకొచ్చు. కాంట్రాక్టు చట్టం అందుకు అడ్డు చెప్పదు. కానీ అలా చేసేవాళ్లు కనీసం స్టేషన్లో సమాచారమైనా రాసిచ్చి ముద్ర వేయించుకోవాలి. ప్రకటనలో పూర్తి వివరాలు ఇవ్వకూడదు. 'ఫలానా తేదీన ఫలానా వీధిలో ఒక నగ దొరికింది, గుర్తులు చెప్పినవారికి ఇస్తాం' అంతే. గొలుసా గాజా అన్నదీ, రాయి రంగూ, తెగిన చోటూ మీ దగ్గరే ఉంచుకోండి. ఫొటో పెడితే వచ్చిన ప్రతివాళ్లూ సరిగ్గానే చెబుతారు.

వచ్చినవాళ్లను బిల్లు, నగ వేసుకున్న పాత ఫొటో, ఫోనైతే డబ్బామీది ఐఎంఈఐ, అన్‌లాక్ చేసి చూపడం వంటివి అడగండి. మొహమాటపడొద్దు. తప్పు మనిషికి ఇచ్చేస్తే అసలు యజమానికి మీరు జవాబు చెప్పుకోవాలి. ఇచ్చేటప్పుడు 'నా వస్తువు ఏ లోటూ లేకుండా అందింది' అని రాయించి, సంతకం, ఆధార్‌లో చివరి నాలుగంకెలు, ఒక సాక్షి సంతకం తీసుకోండి. అప్పగింత పోలీస్ స్టేషన్లో జరిగితే మరీ మంచిది. ప్రమాదం జరిగిన చోట గాయపడ్డవాళ్ల నగలు, ఫోన్లు భద్రం కోసం తీస్తే, 'బంధువులం' అన్నవాళ్ల చేతికి ఇవ్వకుండా పోలీసులకే జాబితా రాసి ఇవ్వండి. చనిపోయిన మనిషి ఒంటిమీది సొమ్ము కాజేయడం భారతీయ న్యాయ సంహిత 315వ సెక్షన్ కింద వేరే నేరం, మూడేళ్ల దాకా జైలు, జరిమానా.

బహుమానం, ఖర్చులు

దొరికినవాళ్లకు పది శాతం ఇవ్వాలన్న నియమం భారత చట్టంలో ఎక్కడా లేదు. కాంట్రాక్టు చట్టం 168వ సెక్షన్ చెప్పేది ఇది: వస్తువును కాపాడటానికీ యజమానిని వెతకడానికీ మీరు పెట్టిన ఖర్చు, పడిన శ్రమ కోసం యజమాని మీద దావా వేయలేరు. అయితే ఆ ఖర్చు ఇచ్చేదాకా వస్తువును మీ దగ్గర ఆపి ఉంచుకునే హక్కుంది. ఇక యజమాని ముందుగానే 'తెచ్చిచ్చినవారికి రూ.10,000' అని ప్రకటించి ఉంటే, ఆ మొత్తం కోసం దావా వేయొచ్చు, ఇచ్చేదాకా వస్తువు ఆపొచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్రకటన గురించి తెలిసి వెతికినవాళ్లకే బహుమానం మీద హక్కు. 1913లో అలహాబాద్ హైకోర్టు లాల్మన్ శుక్లా కేసులో, తప్పిపోయిన బాలుణ్ని వెతికి తెచ్చిన గుమాస్తాకు ప్రకటన సంగతి అప్పటికి తెలియదు గనుక రూ.501 బహుమానం రాదని తీర్పిచ్చింది. అదే కోర్టు తర్వాత హర్‌భజన్ లాల్ కేసులో, కరపత్రం చూసి ఉన్నవాడు పిల్లవాణ్ని గుర్తుపట్టి రైల్వే పోలీసుల దగ్గర చేర్చి టెలిగ్రామ్ ఇస్తే రూ.500 ఇవ్వాల్సిందేనంది. కాబట్టి వస్తువు దొరికాక పేపర్లో, స్థానిక గ్రూపుల్లో ప్రకటన ఉందేమో చూడటం మీకూ మేలే. ప్రకటన లేనప్పుడు 'ఇంత ఇస్తేనే ఇస్తా' అనడం మాత్రం ఖర్చు కాదు, బేరం. దాన్ని చట్టం కాపాడదు.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. యూఏఈలో దొరికిన వస్తువును 48 గంటల్లో పోలీసులకు ఇవ్వాల్సిందే. అక్కడ 'వారం తర్వాత ఇద్దామనుకున్నా' అన్న జవాబు కేసు దాకా తీసుకెళ్తుంది.

అమ్మడం, దానం చేయడం, వాడుకోవడం

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ ఈ విషయంలో పాత చట్టం కంటే కఠినం. పాత ఐపీసీ 403వ సెక్షన్ కింద జరిమానాతో కూడా సరిపెట్టేవాళ్లు. ఇప్పుడు ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా జైలు, దానికి తోడు జరిమానా. చట్టంలోని ఉదాహరణలే తేడా చూపుతాయి: రోడ్డు మీద ఎవరిదో తెలియని రూపాయి తీసుకుంటే నేరం కాదు. ఉత్తరంతో పాటు దొరికిన నోటు ఎవరిదో ఆ ఉత్తరంలోనే తెలుస్తుంటే వాడుకోవడం నేరం. విలువైన ఉంగరం దొరికిన వెంటనే, యజమాని కోసం వెతకకుండా అమ్మడం నేరం. కొలత ఏమిటంటే, యజమానిని కనుక్కోవడానికి తగిన ప్రయత్నం చేశారా, ఆయన రావడానికి తగినంత కాలం వేచి చూశారా. ఆ 'తగినంత' ఎంతన్నది వస్తువును బట్టి, పరిస్థితిని బట్టి కోర్టు తేలుస్తుంది.

నిజంగా వెతికి, చాలాకాలం ఆగి, ఇక యజమాని దొరకడని మనస్ఫూర్తిగా నమ్మి వాడుకుంటే నేరం కాకపోవచ్చు. అంతమాత్రాన వస్తువు మీదైపోదు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం, వస్తువు ఎవరి దగ్గరుందో యజమానికి తెలిసిన రోజు నుంచి మూడేళ్ల దాకా ఆయన దావా వేయొచ్చు. పదేళ్ల తర్వాత తెలిసినా అప్పటి నుంచే లెక్క.

దొరికిన డబ్బు హుండీలో వేసేస్తే దోషం పోతుందని మన దగ్గర చాలామంది నమ్మకం. వేసేవాళ్ల భక్తిని తప్పు పట్టలేం. కానీ మీది కాని సొమ్మును మీరు దేవుడికైనా ఇవ్వలేరు. ఆ డబ్బు ఆసుపత్రి ఫీజుకు తీసుకెళ్తున్న మనిషిదైతే, స్టేషన్లో ఉన్న డబ్బు ఆయనకు తిరిగొస్తుంది, హుండీలో పడ్డది రాదు.

అమ్మడానికి చట్టం ఒప్పుకునేది రెండు సందర్భాల్లోనే, అదీ యజమాని ఎంత వెతికినా దొరకనప్పుడు లేదా మీ న్యాయమైన ఖర్చు ఇవ్వనన్నప్పుడు. కాంట్రాక్టు చట్టం 169వ సెక్షన్ ప్రకారం ఒకటి, వస్తువు పాడైపోయే ప్రమాదం ఉండటం, దారిలో దొరికిన మామిడిపండ్ల బుట్టలాగా. రెండోది, మీ ఖర్చు వస్తువు విలువలో మూడింట రెండొంతులకు చేరడం. దారి తప్పి వచ్చిన ఆవు రూ.30,000 విలువ చేస్తే, మేత, వైద్యం ఖర్చు రూ.20,000 అయ్యాకే అమ్మే హక్కు. ఖర్చు పోగా మిగిలింది యజమానిదే. ఆ ఆవు మీ దొడ్లో ఈనితే దూడ కూడా యజమానిదే, 163వ సెక్షన్ సూత్రం అది. ఎవరిదో తెలియని పశువు పొలంలో పడితే బందెలదొడ్డికి తోలి చీటీ తీసుకోవడం పాత పద్ధతే అయినా, అది ఉన్న ఊళ్లలో ఇప్పటికీ తేలికైన దారి.

మీ ఖాతాలో పొరపాటున పడ్డ డబ్బుకూ దాదాపు ఇదే న్యాయం. పొరపాటున అందింది తిరిగివ్వాలని కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ అంటుంది. అయితే 'తప్పుగా పంపాను, ఈ నంబరుకు తిరిగి కొట్టండి' అన్న ఫోన్ రాగానే పంపేయకండి. మీ బ్యాంకుకు రాసిచ్చి, వచ్చిన ఖాతాకే బ్యాంకు ద్వారా వెనక్కి పంపించండి. వేరే నంబరుకు పంపితే అసలు మనిషికి మళ్లీ కట్టాల్సిరావచ్చు.

లంకెబిందెలు దొరికితే

పునాది తవ్వుతుంటే, పొలం దున్నుతుంటే బయటపడే బిందెలు, నాణేలకు పైన చెప్పిన నియమాలేవీ వర్తించవు. భూమిలో దాగి ఉన్న విలువైన వస్తువులకు 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఉంది. విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. అందులో ఏం దొరికింది, ఎంత లేదా సుమారు విలువ, ఎక్కడ, ఏ తేదీన అన్నవి ఉండాలి. నిధిని దగ్గర్లోని ప్రభుత్వ ట్రెజరీలో జమచేయాలి, లేదా అడిగినప్పుడు తెస్తానని హామీ ఇవ్వాలి. ఊళ్లో అయితే తహసీల్దారు ద్వారా వెళ్లడం తేలిక. కలెక్టరు ప్రకటన వేసి, నాలుగు నెలలకు ముందు కాకుండా ఆరు నెలలు దాటకుండా విచారణ తేదీ పెడతారు.

యజమాని లేని నిధి అని తేలితే, ఆ స్థలానికి వేరే యజమాని ఉన్నప్పుడు మామూలుగా ముప్పాతిక భాగం దొరికినవాళ్లకు, పాతిక భాగం స్థలం యజమానికి. ప్రభుత్వమే ఉంచుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి ఇచ్చి తీసుకోవచ్చు. చెప్పకుండా దాస్తే మీ వాటా ప్రభుత్వానికి పోవడమే కాక ఏడాది దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. తెలిసి సహకరించిన స్థలం యజమానికి ఆరు నెలల దాకా. కూలీలు బిందె పగలగొట్టి పంచుకున్న కేసుల్లో ఒక్కరు నాణెం అమ్మబోయినా అందరూ బయటపడతారు. ఇంకో ముఖ్యమైన సంగతి: నాణేలను చింతపండుతో తోమకండి, విగ్రహాలను కడగకండి, దొరికిన గుంటను పూడ్చకండి. వందేళ్లు దాటినవి పురావస్తువులు. అవి ఏ కాలానివో చెప్పే ఆధారం వాటి మీది మకిలిలోనూ, చుట్టూ ఉన్న మట్టిలోనూ ఉంటుంది. గుంట చుట్టూ తాడు కట్టి, ఫొటోలు తీసి, వీఆర్వోకో పంచాయతీ కార్యదర్శికో ఆ పూటే చెప్పి, కలెక్టరుకు పంపే దరఖాస్తు కాపీ మీద ముద్ర వేయించుకోండి.